రొయ్యల సారె

మా బావకి నా మాటంటే వేదం. ముప్పయ్యేళ్ళుగా శ్రీకాకుళంలో కాలేజీ పిల్లలకి కామర్స్ చెప్తున్నాను కాబట్టి, పన్నుల గురించి పాఠం చెప్పే మనిషికి ప్రభుత్వాల కడుపులో ఏముందో కూడా తెలిసిపోతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనెప్పుడూ సరిదిద్దలేదు. నిజం చెప్పాలంటే నాకది ఇష్టంగానే ఉండేది. క్లాసులో పిల్లలు వినరు, ఇంట్లో మా ఆయన వినడు. అలాంటిది భావనపాడు దగ్గర రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి ఒక మనిషి ఫోన్ చెవికి ఆనించుకుని, నేను చెప్పేదంతా ఊఁ కొడుతూ వింటానంటే ఎవరికి చేదు?

బావంటే మా అక్క మొగుడు. వాళ్ళది తాతల కాలం నుంచీ వరి పండించే కుటుంబం. సముద్రం పక్కనున్న పొలం చెక్కలో ఉప్పు తగిలి వరి పండకపోతుంటే అక్కడ చెరువు తవ్వించి వనామీ రకం రొయ్య వేశాడు. మనిషి ఆరడుగులు, గొంతు దానికి తగ్గట్టే. చెరువులో నీళ్ళు చిలికే ఫ్యాన్ల మోత మీంచి మాట్లాడి మాట్లాడి, పక్కన కూర్చున్నవాళ్ళతోనూ అలాగే అరుస్తాడు. ఆయన రహస్యం చెప్పాడంటే ఊళ్ళో సగం మందికి తెలిసినట్టే.

ఆయనకో పట్టుదల ఉండేది. చెరువులో రొయ్య ఇంట్లో వండకూడదు. "ఆళ్ళు మనోళ్ళు కారే మరదలా. అమెరికావోళ్ళకి రాసిపెట్టినోళ్ళు. మనం పెంచడవే" అనేవాడు. దాంతో ఇంటి వెనక చెరువు నిండా రొయ్యలు ఎగురుతుంటే, ఇంటి ముందు మా అక్క పల్లె నుంచి గంప ఎత్తుకొచ్చిన ఆవిడతో సముద్రపు రొయ్యల కోసం బేరమాడేది. నేను చూసి నవ్వితే అక్కకి ముక్కు మీదే ఉండే కోపం నా మీదకి దిగేది.

ఆ ఏడాది ఒకరోజు స్టాఫ్ రూములో టీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే ఒక వార్త కనబడింది. ఇక్కడ ఆఫీసైనా లేకుండా, ఇంటర్నెట్లో మన దుకాణాల ప్రకటనలు వేసి ఆదాయం పట్టుకెళ్ళే విదేశీ కంపెనీల మీద ఇన్నాళ్ళూ ఉన్న పన్నుని మన ప్రభుత్వం ఎత్తేస్తోందట. అవతలి పెద్ద దేశం మన సరుకు మీద సుంకాలు పెంచుతానని కళ్ళెర్రజేస్తోంది కాబట్టి, దాన్ని చల్లబరచడానికేనని కింద రాశారు. నాకు ఒళ్ళు మండింది. అరసవల్లిలో మా వీధి చివర ఇడ్లీ కొట్టాయన తన పేరు రాసుకుని చిన్న బోర్డు పెట్టుకుంటే దానికీ రుసుము కట్టాలి. సముద్రాల అవతలి కంపెనీలు మన చేతిలో ఫోన్లోనే పొద్దస్తమానం బోర్డులు పెట్టుకుంటే వాళ్ళకి మాఫీనా? ఆ పూట క్లాసులో పాఠం మానేసి దీని మీదే గంటసేపు మండిపడ్డాను. పిల్లలు మొదటిసారి శ్రద్ధగా విన్నారు.

సాయంత్రం బావ ఫోన్ చేశాడు. టీవీలో ఆయనా చూశాడట.

"ఒసే మరదలా, ఆళ్ళ కంపెనీలకి పన్ను ఒదిలీసినారంట. ఎందుకే?"

"వాళ్ళ దేశానికి మన మీద కోపం రాకుండా, బావా. ముందు మనం ఒక మెట్టు దిగితే వాళ్ళూ మెత్తబడి, మన సరుకు జోలికి రారని ఆశ."

"మన సరుకంటే రొయ్య కూడానా?"

"రొయ్యే ముందు."

 బావ ఫ్యాన్ల మోత మీంచి గట్టిగా నవ్వాడు. "అలా సెప్పు! వియ్యంకుడికి సారె పంపించినారన్నమాట."

నేను ముప్పయ్యేళ్ళుగా చెప్పిన పాఠాల్లో ఇంత చక్కటి ఉదాహరణ ఒక్కటీ లేదు. మా వైపు సారె అంటే మాటలు కాదు. ఆడపిల్ల అత్తారింటికి వెళ్ళినా, కడుపుతో ఉన్నా, పుట్టింటివాళ్ళు లడ్డూలు, అరిసెలు, మైసూరుపాకులు గంగాళాలకి ఎత్తి పంపుతారు. అవతలివాళ్ళు వాటిని వీధి వీధంతా ఇంటింటికీ పంచుతారు. ఎంతమందికి అందిందో, మిఠాయి ఎంత పెద్దదో ఏడాదిపాటు చెప్పుకుంటారు. ఇంకో సంగతి కూడా ఉంది. సారె వచ్చిన గిన్నెల్ని ఎవరూ ఖాళీగా తిరిగి పంపరు. బెల్లమో, బియ్యమో, ఏదీ లేకపోతే ఒక పసుపుకొమ్మో వేసి పంపుతారు.

"మరి గిన్నెలు ఖాళీగా పంపరు గదా ఆళ్ళు?" అన్నాడు బావ.

అప్పటికి ఆయన రొయ్య పట్టుబడికి వచ్చేసింది. కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు అంటారు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దదని లెక్క. బావ చెరువులోవి ముప్పై కౌంటుకి దిగాయి. కొనేవాళ్ళ మనుషులు వచ్చి చూసి, ధర చెప్పి, వల వెయ్యమంటావా అని అడుగుతున్నారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా నేను ఆరిందాలా, "ఖాళీగా పంపితే వాళ్ళ పరువేముంది బావా. రెండు మూడు వారాలు ఆగు, ధర పెరుగుతుంది" అనేశాను.

ఆయన ఆగాడు. వచ్చినవాళ్ళని వెనక్కి పంపించేశాడు. మా మరదలు చెప్పింది అని గట్టు మీద అందరికీ వినబడేలా చెప్పి మరీ పంపించాడట.

మూడు వారాలు తిరిగేసరికి అవతలి దేశం మన సరుకు మీద సుంకం పెంచేసింది. రొయ్య మీద కూడా. గిన్నెలు ఖాళీగానే వచ్చాయి. మొన్నటిదాకా గట్టు చుట్టూ తిరిగిన కొనుగోలువాళ్ళు ఫోన్లు ఎత్తడం మానేశారు. ఎత్తినవాళ్ళు చెప్పిన ధర విని బావ ఫోన్ పెట్టేసేవాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత రెండు రోజులు బావ నాకు ఫోన్ చెయ్యలేదు. అక్క చేసింది.

"నీ పాటాలు నీ కాలేజీల సెప్పుకోయే తల్లీ. మా సెరువు కాడ సెప్పకు."

ఆవిడ కోపంలో తప్పు లేదు. పెరిగిన రొయ్యని చెరువులో ఎక్కువ రోజులు ఉంచకూడదు. పూటపూటకీ మేత తింటుంది. నాలుగు రోజులు మబ్బు పట్టిందంటే తెగులు వస్తుందని భయం. ఒకసారి తెగులు తగిలితే తెల్లారేసరికి చెరువంతా తేలిపోతుంది. ఈ పంట పోతే చెరువు ఇంకొకరికి ఇచ్చేసి వెళ్ళిపోతానని బావ అక్కతో అన్నాడట. ఎక్కడికి వెళ్తాడో ఆయనకీ తెలీదు. నా ఒక్క మాటకి ఒక మనిషి చెరువు పోతుందా అనుకుంటే నాకు అన్నం దిగలేదు.

ఆదివారం బస్సెక్కి టెక్కలిలో దిగి, అక్కడినుంచి ఆటోలో వెళ్ళాను. దారి పొడవునా ఏం చెప్పాలో తయారుచేసుకున్నాను. గట్టు ఎక్కేసరికి అన్నీ మర్చిపోయాను. బావ నీళ్ళలోకి దించిన మేత పళ్ళెం పైకి లాగి చూస్తున్నాడు. పళ్ళెంలో రొయ్యలు అరచెయ్యంతేసి ఉన్నాయి. అద్దంలా మెరుస్తూ, టపటపా ఎగిరి ఆయన ముంజేతికి తగులుతున్నాయి.

"బావా, తప్పంతా నాదే" అన్నాను.

"నువ్వేటి సేస్తావే. సారె పంపినోడు పంపినాడు. తిన్నోడికి ఉండాల" అన్నాడు. గొంతు తగ్గించి అన్నాడు. ఆయన అరిచి ఉంటే నాకు ఇంకొంచెం బాగుండేది.

మధ్యాహ్నం ముగ్గురం ముఖాలు వేలాడేసుకుని అన్నం తింటుంటే అక్క కూతురు ఫోన్ చేసింది. ఆ పిల్లని గజపతినగరంలో ఇచ్చారు. వాళ్ళదీ వ్యవసాయ కుటుంబమే. అప్పటికి దానికి ఏడో నెల. పై ఆదివారం దానికి సారె తీసుకెళ్ళాలి. మిఠాయి వండేవాళ్ళకి అప్పటికే చెప్పేశారు కూడా. అక్క ఫోన్ అందరికీ వినబడేలా పెట్టింది.

"అమ్మా, డాక్టరమ్మ సుగరుందని సెప్పింది. తీపి ముట్టకూడదంట. మీరు లడ్డూలు తెచ్చి పంచుతా ఉంటే నాను సూస్తా కూకోవాలేటి? రొయ్యలట్టుకు రండి."

"బజారులో మంచివి సూసి..." అని అక్క మొదలెట్టింది.

"బజారువి కాదు. మన సెరువువి."

బావ చేతిలో ముద్ద ఆగిపోయింది. "సారెకి రొయ్యలేటే! నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ నాన్నా. ఆ గట్టు మీదే పెరిగినాను. ఒక్కనాడు ఒక్క రొయ్య తిననిచ్చినావా? దేశం కాని దేశవోళ్ళు తింటన్నారు, నీ కూతురికి నోరు లేదేటి?"

 బావ చెయ్యి కడుక్కుని చెరువు వైపు వెళ్ళిపోయాడు. నేను గుమ్మంలోంచి చూస్తూ నిలబడ్డాను. గట్టు మీద ఆ చివర్నుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచి, వెనక్కి వచ్చి, "మీ అమ్మ పెళ్ళినాటి గంగాళాలు ఎక్కడున్నాయే?" అని అక్కని అడిగాడు. మళ్ళీ మామూలుగా అరిచి అడిగాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ పై ఆదివారం పొద్దున్నే విసురువలతో కావలసినన్ని పట్టించాడు. చింతపండు పెట్టి తోమిన ఇత్తడి గంగాళాలకి అక్క పసుపు రాసి, బొట్లు పెట్టి, అడుగున ఐసు, దాని మీద అరిటాకులు, ఆకుల మీద రొయ్యలు పేర్చింది. మీసాలన్నీ ఒకే వైపు ఉండేలా పేర్చింది. శాస్త్రానికి చలిమిడి, రెండు అరటి గెలలు కూడా పెట్టింది. వ్యాను నన్ను అరసవల్లి మలుపులో ఎక్కించుకుంది. అప్పటికే ఐసు కరిగి, పట్టుచీరలు కట్టుకున్న వాళ్ళ ఊరి పేరంటాళ్ళందరూ కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నారు. నాకు దొరికిన చోటు సరిగ్గా గంగాళం పక్కన. విజయనగరం దాటేసరికి నా చీర అంచు ముప్పావు వంతు తడిసింది. పిండుకుంటుంటే అందరూ నవ్వారు. అన్ని రోజుల తర్వాత అక్క కూడా నన్ను చూసి నవ్వింది.

గజపతినగరంలో వాళ్ళ వీధంతా గుమ్మాల్లో నిలబడింది. గంగాళాలు అరుగు మీద దించారు. వియ్యపురాలు హుషారైన మనిషి, ముందుకొచ్చి గుడ్డ తీసింది. తీసి, అలాగే నిలబడిపోయింది.  బావ తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"ఓలమ్మో! ఇవి రొయ్యలేటి, పిల్లలేటి!" అని ఆవిడ ఒక్క కేక పెట్టింది. వీధిలో జనమంతా అరుగెక్కేశారు.

ఆ రోజు పంచినట్టు సారె పంచడం నేను ఇంకెక్కడా చూడలేదు. ఇంటింటికీ విస్తరాకులో నాలుగేసి రొయ్యలు, పైన చిన్న చలిమిడి ముద్ద. పక్కింట్లో కిరాణా కొట్టువాళ్ళు నీచు ముట్టరు. వాళ్ళకి అరటిపళ్ళు, చలిమిడి పట్టుకెళ్తే ఆ ఇల్లాలు తీసుకుని, "మాకు పళ్ళే చాలు గానీ, ఇవాళ వీధి మొత్తం వేపుళ్ళే కదా, మేం తలుపులు వేసుకుని కూర్చోవాలి" అని కడుపుబ్బ నవ్వింది. ఆవిడ చెప్పినట్టే మధ్యాహ్నానికి ప్రతి ఇంట్లోంచీ అల్లంవెల్లుల్లి వేగుతున్న వాసన. వీధిలో కుక్కలన్నీ ఏ గుమ్మం ముందు ఆగాలో తేల్చుకోలేక తిరుగుతున్నాయి.

లోపల వియ్యంకులిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి వడ్డించారు. వియ్యంకుడు సన్నటి మనిషి, మాట్లాడటం తక్కువ. బావ విస్తట్లో ఆయన కూతురే పెద్ద పెద్ద రొయ్యలు ఏరి వేసింది. వద్దంటే అవతలివాళ్ళ వంట కాదన్నట్టు అవుతుంది. బావ ఒకటి తీసుకుని, కాసేపు చూసి, నోట్లో పెట్టుకున్నాడు. మేమంతా ఆయన ముఖం వైపే చూస్తున్నాం. నమిలాడు. రెండోది తీశాడు. మూడోది. అప్పటికి గానీ తలెత్తలేదు.

"ఇంత బాగుంటాదేటే ఇది!" అన్నాడు. "ఇంకో గరిటె ఎయ్యి." వాళ్ళమ్మాయి నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, పక్కన పళ్ళెంలో తన వాటా కూడా పెట్టుకుని తినడం మొదలెట్టింది. అంత తృప్తిగా తింటున్న మనిషిని చూస్తే నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

భోజనాలు అవుతుండగానే వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే గుమ్మంలోకి వచ్చారు. ఇంకా ఉన్నాయేటి అని ఒకరు, ఎక్కడ దొరుకుతాయని ఇంకొకరు. మా పుట్టింటికి పంపాలి, రెండు కిలోలు ఇప్పించండని మరొకావిడ.  బావ తన జీవితంలో రొయ్యలు లారీ ఎక్కడం తప్ప సంచీలోకి వెళ్ళడం చూడలేదు.

అప్పుడు వియ్యంకుడు నోరు విప్పాడు. "బావగారూ, సెరువు మొత్తం పట్టించి తెచ్చీండి. ఇక్కడ సంతకాడ నిలబెడదాం. నాలుగు ఊళ్ళోళ్ళు వస్తారు. నానూ నిలబడతాను." అంతే అన్నాడు. అంతకన్నా ఎక్కువ ఆయన మాట్లాడగా నేను వినలేదు. మేం బయల్దేరేటప్పుడు గంగాళాల నిండా వేరుశనక్కాయలు, మధ్యలో బెల్లం దిమ్మలు పెట్టించాడు. బావ వాటిని చూసి, "సూసినావా మరదలా! వియ్యంకుడంటే ఈడు!" అన్నాడు. ఆ మాట గజపతినగరం మొత్తానికీ వినబడి ఉంటుంది.

పెద్ద వల వేయించి చెరువు ఖాళీ చెయ్యడానికి, అమ్మడానికి కలిపి నాలుగు రోజులు పట్టింది. నేను కాలేజీకి సెలవు పెట్టాను. తప్పు నాది కాబట్టి కాటా దగ్గర నిలబడతానన్నాను. ముప్పయ్యేళ్ళు వాణిజ్యం బోధించిన నేను అరకిలో తూచడానికి మూడుసార్లు రొయ్య తీసి వేస్తుంటే, వియ్యపురాలు నా చేతిలోంచి తట్ట లాక్కుని, "మీరు సంచీలు పట్టుకోండమ్మా" అంది. వియ్యంకుడు ఒక్క మాటా మాట్లాడకుండా ఐసు కొడుతూనే ఉన్నాడు. బావ గొంతు మాత్రం ఆ నాలుగు రోజుల కోసమే పుట్టినట్టుంది. "రొయ్యలో, భావనపాడు రొయ్యలో" అని ఆయన ఒక్క కేక వేస్తే రాయగడ వెళ్ళే బస్సులోంచి కూడా జనం తొంగిచూశారు. మొదట బావ వెనక్కి పంపేసిన కొనుగోలువాళ్ళు చెప్పినంత ధర రాలేదు. కానీ చెరువు నిలబడింది. అక్క ఆ మాట నాకు ఫోన్లో చెప్పి, "పోనీలేయే, అన్నం తిను" అంది. రెండు దేశాల మధ్య ఆ తర్వాత ఏవో ఒప్పందాలు జరిగాయని పేపర్లో చదివాను. బావకి మాత్రం నా జోస్యం ఏమీ చెప్పలేదు.

ఆ నాలుగు రోజుల్లో మూడో రోజు పొద్దున్న కాటా దగ్గరికి ఒక ముసలావిడ వచ్చింది. చేతిలో సంచీ లేదు. కాటా చుట్టూ ఉన్న జనాన్ని తప్పించుకుని, తిన్నగా బావ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఏటి కావాల అమ్మా?" అని బావ అరిచాడు.

"ఏటొద్దు బాబూ. నిన్న అట్టుకెల్లినాను. మా ముసలోడు జొరం నుంచి లేచి పది రోజులైనాది, ముద్ద ముట్టలేదు. నిన్న నీ రొయ్యలు పులుసెడితే రెండుసార్లు కలుపుకుని తిన్నాడు. సెప్పి పోదామని వచ్చినాను."

అంత ఎత్తు మనిషి, అంత గొంతు మనిషి, ఆవిడ ముందు తల వంచాడు. ఆవిడ ఆయన చెయ్యి ఒకసారి తట్టి, రోడ్డు దాటి వెళ్ళిపోయింది.

"ఇన్నేళ్ళు పెంచినాను గదే మరదలా" అన్నాడు ఆవిడ వెళ్ళిన వైపే చూస్తూ. ఆయన అంత మెల్లిగా మాట్లాడగలడని నాకు తెలీదు. "తిన్నోళ్ళు బాగున్నాదని సెప్పడం ఇదే మొదలు."

తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని వ్యాను అవతలికి వెళ్ళాడు. జనం సంచీలు పట్టుకుని కాచుకుని ఉన్నారు. వియ్యపురాలు తట్ట నా చేతికిచ్చింది. ఈసారి నేను ఒక్కసారికే సరిగ్గా తూచాను.